హయ్యర్ లెవెల్ జర్మన్: రెండేళ్లు చదివాక నా అభిప్రాయం

ఎనిమిదో క్లాసులో జర్మన్ మొదలుపెట్టాను. బెంగళూరులోనే ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్ బోర్డు)లో పదకొండు, పన్నెండు క్లాసుల్లో దాన్ని హయ్యర్ లెవెల్‌లో, అంటే కష్టమైన స్థాయిలో, చదివి ఈ మధ్యే బయటపడ్డాను. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు చాలామంది "మా వాణ్ణి జర్మన్ తీసుకోనివ్వమంటావా?" అని అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా.

అందరికీ భయం లింగాలతోనే. ప్రతి నామవాచకం ముందు పుంలింగమైతే డెర్, స్త్రీలింగమైతే డీ, నపుంసకమైతే డాస్ పెట్టాలి: బల్ల డెర్, తలుపు డీ, కిటికీ డాస్. కారణం వెతక్కుండా, మూడు రంగుల పెన్నులతో రాసుకుని బట్టీ పట్టాను. అమ్మాయిని డాస్ మేడ్ఖెన్ అంటారని చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. చివర ఖెన్ చేరితే ఏ పదమైనా నపుంసకమేనట. నాకు మాత్రం వింతగా అనిపించలేదు. మనమూ "బస్సు వచ్చింది" అన్నట్టే "అమ్మాయి వచ్చింది" అంటాం కదా!

అసలు మలుపు పదకొండో క్లాసు డిసెంబరులో వచ్చింది. పొద్దున్నే చలికి వణుకుతూ "ఇఖ్ బిన్ కాల్ట్" అన్నాను. అలా అంటే నీ మనసు కఠినమని అర్థం వస్తుంది, "మియర్ ఇస్ట్ కాల్ట్" అనాలి అని టీచర్ దిద్దారు. మియర్ అంటే నాకు. నాకు చలిగా ఉంది! అచ్చం మన వాక్యమే. "ఆ పుస్తకం నాకు నచ్చుతుంది" అన్నా అంతే, మియర్ గెఫెల్ట్ డాస్ బూఖ్. అప్పటిదాకా ఇంగ్లీషులో ఆలోచించి జర్మన్‌లోకి మార్చేదాన్ని, కాపీ నిండా ఎర్ర గీతలే. ఆ తర్వాత డేటివ్ (మియర్ లాంటి రూపాలుండే విభక్తి) వచ్చినచోటల్లా ముందు మన కి, కు పెట్టి చూసుకోవడం మొదలుపెట్టాను. అన్నిచోట్లా కుదరదు గానీ చాలాచోట్ల దారి చూపిస్తుంది. వైల్ (ఎందుకంటే), డాస్ (అని; ఇది పైన చెప్పిన డాస్ కాదు) లాంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుంది, అదీ మనకి అలవాటే. తెలుగు పిల్లలకి ఈ సంగతి మొదటి రోజే ఎవరైనా చెబితే ఎంత బాగుంటుందో!

కోర్సు బరువైనదే. రెండేళ్లలో 240 గంటల బోధన ఉండాలి, రెండు సాహిత్య రచనలు చదవాలి. నోటి పరీక్షలో వాటిలోంచి ఒక భాగం ఇస్తారు, 20 నిమిషాలు సిద్ధమై మాట్లాడాలి. రాతపరీక్షలో గంటన్నరలో 450 నుంచి 600 పదాలు రాయాలి. నాకు రాయడం కన్నా వినడం కష్టమైంది. మా స్కూల్లో రెండేళ్లలో ముగ్గురు టీచర్లు మారారు, వచ్చిన ప్రతివారూ వ్యాకరణం మళ్లీ మొదటి నుంచి చెప్పారు, వినే అభ్యాసం వెనకబడిపోయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్లు నెమ్మదిగా చదివే వార్తలు ఉచితంగా దొరుకుతాయి, రోజూ పది నిమిషాలు విని ఆ లోటు కొంత పూడ్చుకున్నా. ఇందిరానగర్‌లో జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్‌లో బీ2 (యూరప్ భాషాస్థాయిల్లో సీ1 కన్నా ఒక మెట్టు కింద) పరీక్షకు కూడా అదే పనికొచ్చింది. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం, నాలుగింట్లో దేనికదే నూటికి 60 రావాలి.

ముందు మూడు నాలుగేళ్లు చదవనివాళ్లు హయ్యర్ లెవెల్ జోలికి వెళ్లొద్దు. కొత్తవాళ్లకు అబ్ ఇనిషియో అని వేరే కోర్సు ఉంది.

జర్మనీలో ఫీజులుండవని తీసుకునేవాళ్లకు ఒక మాట: ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు నిజమే గానీ బాడెన్-వుర్టెంబెర్గ్‌లో 2017 నుంచి మనలాంటివాళ్లకు సెమిస్టరుకి 1500 యూరోలు. పైగా జర్మన్ మీడియం డిగ్రీకి ఎక్కువచోట్ల సీ1 స్థాయి అడుగుతారు, బీ2 సరిపోదు. నేనిప్పుడు ఆ సీ1 కోసమే చదువుతున్నా.