ఫారం పాండ్ షీటు కొంటున్నారా? మైక్రాన్ల లెక్క కాటా మీద చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పొలంలో కుంట తవ్వించి ప్లాస్టిక్ షీటు పరచాలని చూస్తున్న రైతులందరికీ ఈ మాట చేరాలి. మైక్రాన్లంటే షీటు మందం లెక్క. 500 మైక్రాన్లని చెప్పి 300 మైక్రాన్ల సరుకు అంటగడుతున్నారు. మాకు అదే జరిగింది. షీటుకూ పరిచిన కూలికీ కలిపి 75,000 రూపాయలు పోయాయి. చీనీ (బత్తాయి) చెట్ల మీద పిందె ఉన్న సమయంలో కుంట ఖాళీ అయిపోయింది, ఆ నష్టం దానికి అదనం.

మాది గరుసు కలిసిన ఎర్రనేల. వాన నీళ్లు కుంటలోకి వచ్చినంత వేగంగానే కిందికి ఇంకిపోతాయి. భూగర్భ జలం పెంచుకోవడానికైతే అలా ఇంకడమే మంచిది, అలాంటి కుంటకు షీటు అక్కర్లేదు. ఉపాధి హామీ కింద పంట సంజీవని పేరుతో తవ్విన కుంటలు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి, వాటిలో షీటు లేనివాటి వల్ల పక్క బోర్లకు మేలే జరిగింది. కానీ మాకు ఎండాకాలంలో చెట్లకు డ్రిప్పులో పెట్టడానికి నిల్వ నీళ్లు కావాలి. ఈ సీమలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అందులోనూ చాలాభాగం కొద్ది వానల్లోనే వచ్చి వాగులో కలిసిపోతుంది. ఒక హెక్టారు చేను మీద 10 మిల్లీమీటర్ల నీరు పారితే లక్ష లీటర్లు. దాన్ని పట్టి ఉంచుకోవాలనే 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతుతో కుంట వేయించాం. గోడలు లోతు ఒకటికి అడ్డం ఒకటిన్నర వాలుతో తవ్వితే అందులో దాదాపు 7.4 లక్షల లీటర్లు పడతాయి.

షీటు అమ్మినతను మండల కేంద్రంలో దుకాణం ఉన్నవాడే, ఊరూరా తిరిగి ఆర్డర్లు తీసుకుంటాడు. "అక్కా, ఐదొందల మైక్రాన్, ఐఎస్ఐ మాలు, పదేళ్లు దాని వైపు చూడక్కర్లేదు" అన్నాడు. మిగతా ఇద్దరు చెప్పిన ధర కంటే బాగా తక్కువ చెప్పాడు. షీటు కట్ట మీద ఐఎస్ఐ అని పెద్ద అక్షరాలతో ముద్ర ఉంది. బిల్లులో మాత్రం "ప్లాస్టిక్ షీట్, 1 నెం." అని రాసిచ్చాడు, మైక్రాన్ల ఊసే లేదు. అడిగితే "కంప్యూటర్లో అంతే వస్తుందక్కా" అన్నాడు.

మొదటి ఏడాది బాగానే ఉంది. రెండో ఎండాకాలం వచ్చేసరికి నీటి మట్టానికి పైనున్న భాగమంతా పెళుసెక్కింది. మడత పడిన చోటల్లా గీతలు గీసినట్టు చీలింది. ఆ తర్వాత అతుకు ఊడింది. నిండా ఉన్న కుంట వారం తిరగకుండా అడుగంటింది, బయట గట్టు చెమ్మెక్కి ఒక పక్క జారింది. ఫోన్ చేస్తే ముందు ఎలుకలు కొరికాయన్నాడు, తర్వాత గొర్రెలు తొక్కాయన్నాడు, చివరికి ఫోన్ ఎత్తడమే మానేశాడు. గొర్రెలు మా కంచె దాటి లోపలికి వచ్చిందే లేదు.

అప్పుడు మా మరిది ఒక ముక్క కోసి టౌన్లో లేతు షాపుకి తీసుకెళ్లాడు. లేతు షాపుల్లో స్క్రూ గేజ్ ఉంటుంది, అడిగితే కొలిచి చెప్తారు. 500 మైక్రాన్లంటే అర మిల్లీమీటరు, గేజ్ మీద 0.5 చూపించాలి. మా ముక్కను నాలుగైదు చోట్ల పెట్టి చూస్తే ఎక్కడా 0.3 దాటలేదు.

దుకాణదారుడు ఎన్ని మాటలు చెప్పినా బరువు అబద్ధం చెప్పదు. అందుకే ఈ లెక్క అందరూ రాసిపెట్టుకోండి. హెచ్‌డీపీఈ అంటే కుంటలకు వాడే గట్టి రకం ప్లాస్టిక్, ఫిల్మ్ అంటే దాన్ని అల్లకుండా ఒకే పొరగా చేసిన షీటు. అచ్చమైన హెచ్‌డీపీఈ ఫిల్మ్ 500 మైక్రాన్లది చదరపు మీటరుకు దాదాపు 475 గ్రాములు తూగుతుంది. అదే 300 మైక్రాన్లదైతే 285 గ్రాములే. మా కుంట కొలతకు, గట్టు మీద గాడిలో పూడ్చే అంచుతో కలిపి, 25 మీటర్ల చదరపు షీటు కావాలి, అంటే 625 చదరపు మీటర్లు. 500 మైక్రాన్లయితే కట్ట బరువు 300 కిలోల దగ్గర ఉండాలి. 300 మైక్రాన్లయితే 180 కిలోలు కూడా ఉండదు. ఆటోలో వచ్చిన కట్టను నలుగురు మనుషులు అలవోకగా దించేశారని మా ఆయనకు ఇప్పటికీ గుర్తే. కట్టను ధర్మకాటా మీద కానీ, చింతపండు, పల్లీలు కొనేవాళ్ల దగ్గరుండే పెద్ద కాటా మీద కానీ తూకం వేయించాకే బండి దింపించుకోండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే బండిని అటే తిప్పి పంపించండి.

బరువు ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు కూడా. బరువు పెంచడానికి ప్లాస్టిక్‌లో సుద్దపొడి లాంటి ఫిల్లర్ కలుపుతారు. దానికి సులువైన పరీక్ష ఉంది. హెచ్‌డీపీఈ నీళ్ల కంటే తేలిక. చిన్న ముక్క కత్తిరించి, తడిపి, గాలి బుడగలు తుడిచేసి, బకెట్లో అడుగుదాకా ముంచి వదలండి. పైకి తేలాలి. మునిగిందంటే ఫిల్లర్ దండిగా కలిపారు, లేదా అది హెచ్‌డీపీఈ కానే కాదు. తేలినంత మాత్రాన కొత్త ముడిసరుకుతో చేసిందని చెప్పలేం, పాత ప్లాస్టిక్ కరిగించి చేసింది కూడా తేలుతుంది. అయినా పలుచన సరుకును కాటా పట్టిస్తుంది, సుద్దపొడి సరుకును బకెట్ పట్టిస్తుంది. ఈ రెండూ దుకాణం ముందే చేయగలిగినవి.

ఎండకు తట్టుకోవాలంటే ఫిల్మ్‌లో కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి రెండు శాతానికి పైగా ఉండాలి. ఆ నలుపు రంగు అందం కోసం కాదు, సూర్యరశ్మి ప్లాస్టిక్‌ని తినేయకుండా అడ్డుకునేది అదే. ఇది కంటితో తేలదు. పెద్ద మొత్తం పెడుతున్నవాళ్లు, నలుగురైదుగురు రైతులు కలిసి ఒకేసారి కొంటున్నవాళ్లు ఒక ముక్కను ప్లాస్టిక్ పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్‌కు పంపి పరీక్ష చేయించుకోవచ్చు. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ ఉంది. ఆ రిపోర్టు తర్వాత గొడవ వస్తే చేతిలో ఆయుధం.

ఇక ఐఎస్ఐ ముద్ర. నిజమైన ముద్ర పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉంటాయి. ఫిల్మ్ కాకుండా, ప్లాస్టిక్ పట్టీలను అల్లి, ఆ అల్లిక మీద రెండు పక్కలా లామినేషన్ చేసిన హెచ్‌డీపీఈ షీటుకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15351. ఐఎస్ఐ ముద్రకు లైసెన్సు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సీఎం/ఎల్ నంబరు కొడితే కంపెనీ ఏది, ఏ వస్తువుకు లైసెన్సు ఇచ్చారు, ఇంకా చెల్లుతోందా అన్నవి వచ్చేస్తాయి. మా కట్ట మీద ఐఎస్ఐ అన్న మూడు అక్షరాలు తప్ప ఏ నంబరూ లేదు. ఈ అల్లిక రకం కొంటే మైక్రాన్లు అడగొద్దు, జీఎస్ఎం అడగండి, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. కొందరు ఫిల్మ్ ధరకు అల్లిక షీటు, అల్లిక ధరకు ఫిల్మ్ అని కలిపేసి చెప్తూ మనల్ని తికమక పెడతారు. రెండింటి ధరా చదరపు మీటరుకు ఎంత, కిలోకు ఎంత అని విడివిడిగా చెప్పించుకుంటే ఎక్కడ తేడా కొడుతోందో మీకే తెలిసిపోతుంది.

పరిచే పనిలోనూ మోసం ఉంది. మాకు అతుకులు జిగురుతో అంటించి పైన టేపు వేశారు. హెచ్‌డీపీఈకి జిగురు పట్టదు, వేడి మిషన్‌తో కరిగించి అతకాల్సిందే. మంచి పనివాళ్లు రెండు వరుసలుగా వెల్డింగ్ చేసి, మధ్యలో మిగిలే సందులోకి గాలి కొట్టి, ఒత్తిడి తగ్గకుండా నిలుస్తోందో లేదో మీ ఎదుటే చూపిస్తారు. జిగురు డబ్బా బయటికి తీశారంటే పని అక్కడే ఆపించండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో బిగుతుగా లాగి పరిచినా చేటే. వేడికి సాగిన షీటు రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది, అతుకుల దగ్గర లాక్కుంటుంది. పొద్దున్నే, కాస్త వదులుగా పరిపించండి. పరిచిన రోజే అడుగున కొంచెం నీళ్లు వదలాలి, లేకపోతే గాలికి లేచిపోతుంది. అడుగున రాళ్లు, వేర్లు ఏరించి జల్లించిన మట్టి వేయించడం, తుంగ గడ్డలు తవ్వి తీయించడం కూడా ధరలో ఉందో లేదో ముందే తేల్చుకోండి. తుంగ మొలక పలుచని షీటును పొడుచుకుని పైకి వస్తుంది.

ఒక్క సంగతి ఏ అమ్మకందారుడూ చెప్పడు. షీటు వేసిన కుంట మామూలు కుంట కంటే చాలా ప్రమాదం. తడిసిన ప్లాస్టిక్ మీద కాలు నిలవదు, వాలు మీద చేయి పట్టదు. ఈత వచ్చినవాళ్లు కూడా జారి లోపలికి పోతే పైకి ఎక్కలేరు. చుట్టూ కంచె, గేటుకు తాళం, నాలుగు పక్కలా గట్టు మీద గుంజలకు కట్టి నీళ్లలోకి వదిలిన ముడుల తాళ్లు, ఇవి షీటు పరిచిన రోజే ఉండాలి. వేసవి సెలవుల్లో పిల్లలు ఈతకు దిగుతారు, దయచేసి దీన్ని రేపటికి వాయిదా వేయకండి.

సబ్సిడీ నేనే ఇప్పిస్తా, ముందు అడ్వాన్సు కట్టండి అనే ఏజెంట్ మాట నమ్మొద్దు. ఏ పథకం నడుస్తోందో, ఎన్ని మైక్రాన్లు అడుగుతున్నారో ఉద్యాన శాఖ ఆఫీసులో నేరుగా కనుక్కోండి. అక్కడ అనుమతి రాకముందే పని మొదలుపెడితే బిల్లు పాస్ కాక ఇబ్బంది పడొచ్చు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు నోరు మూసుకుని ఊరుకోవద్దు. "మీరు వ్యాపారం కోసం కొన్నారు, మీకు వినియోగదారుల చట్టం వర్తించదు" అని మాకు అమ్మినతని తరఫువాళ్లు బెదిరించారు. అది నిజం కాదు. బతుకుతెరువు కోసం సొంతంగా సేద్యం చేసుకునే రైతు వినియోగదారుడే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు విత్తనాలు కొన్న మన ఆంధ్ర రైతులను వినియోగదారులుగానే గుర్తించింది. 2019 చట్టం ప్రకారం నష్టం జరిగిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే కొన్నిసార్లు అక్కడే రాజీ కుదురుతుంది. మాకు కుదరలేదు, ఇప్పుడు కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

బిల్లులో మూడు మాటలు రాయించుకోకుండా ఎవరూ డబ్బు ఇవ్వొద్దు: షీటు రకం, మైక్రాన్లు లేదా జీఎస్ఎం, మొత్తం చదరపు మీటర్లు బరువుతో సహా. వారంటీ ఎన్నేళ్లో అదే బిల్లు మీద సంతకంతో ఉండాలి. వాట్సాప్‌లో ధర మాట్లాడిన మెసేజీలు చెరిపేయకండి.

మాలాగే ఊరికి వచ్చి ఆర్డర్ తీసుకున్నవాళ్ల దగ్గర షీటు కొని, రెండేళ్లు తిరక్కుండానే పెళుసెక్కి చీలినవాళ్లు ఉంటే చిరిగిన ముక్కను పారేయకుండా బిల్లుతో పాటు దాచిపెట్టండి, ఫొటోలు తేదీతో తీసుకోండి. ఒకే రకంగా నష్టపోయిన వాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. కింద కామెంట్లో మీ మండలం పేరు, కొన్న సంవత్సరం రాయండి, నేను పలకరిస్తాను.