గంట ముందు తెరిచే గేటు: నమీబ్ ఎడారిలో ఐదు రాత్రులు

నమీబియాలోని నమీబ్-నౌక్లఫ్ట్ పార్కులో ఇసుక తిన్నెల వైపు వెళ్లాలంటే సెస్రియెమ్ అనే చోటు దాటాలి. అక్కడ రెండు గేట్లున్నాయి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే అన్నయ్య, వదిన, నేను మొదటి రాత్రి బస వేరే చోట తీసుకునేవాళ్లం. బయటి గేటు పొద్దు పొడిచాకే తెరుస్తారు, పొద్దుగూకేసరికి మూసేస్తారు. లోపలి గేటు మాత్రం సూర్యోదయానికి గంట ముందే తెరుచుకుంటుంది. అది పార్కు లోపల రాత్రి బస చేసినవాళ్లకే. మేం దిగిన లాడ్జ్ బయట ఉంది. "ఇసుక తిన్నెల మీద సూర్యోదయం చూడొచ్చు" అని బుక్ చేసేటప్పుడు రెండుసార్లు చెప్పారు. తీరా గేటు దాటేసరికి ఎండ ఎక్కేసింది, అక్కడి నుంచి తిన్నెల మధ్య ఎండిన మడుగు సోసస్‌ఫ్లేకి ఇంకా అరవై కిలోమీటర్లు పోవాలి. వదిన మొహంలో నిరాశ చూసి నాకు చాలా కోపమొచ్చింది. లాడ్జ్‌లో గదులు బాగున్నాయి, భోజనం ఇంకా బాగుంది. కానీ అంత దూరం వెళ్లింది భోజనానికి కాదు కదా.

మర్నాడు సామాను సర్దుకుని లోపల ఉన్న సెస్రియెమ్ క్యాంపుకి మారిపోయాం. సోసస్ డ్యూన్ లాడ్జ్ కూడా గేటు లోపలే ఉంది, గది కావాలనుకునేవాళ్లు అందులో దిగొచ్చు. మాది గుడారం. ఒక పెద్ద చెట్టు, దాని కింద చోటు, ఒక కుళాయి, నిప్పు రాజేసుకోవడానికి ఒక మూల. ఆ చెట్టుని అక్కడ 'ఒంటె ముల్లు' అంటారు, మన తుమ్మకి దగ్గరి చుట్టం. రాత్రి చలికి ముగ్గురం ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నాం. అయినా తెల్లవారుజామున చీకట్లో ఆ లోపలి గేటు తెరుచుకున్నప్పుడు, ముందు రోజు మిగిలిన బాధంతా పోయింది.

ముందు డ్యూన్ 45 అనే తిన్నె ఎక్కాం. సెస్రియెమ్ నుంచి 45 కిలోమీటర్ల దగ్గర ఉంది కాబట్టి దానికి ఆ పేరు. అంచు మీదుగా ఎక్కాలి. అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. పైన కూర్చున్నాక ఒక పక్క నెమ్మదిగా నారింజ రంగు తిరిగింది, రెండో పక్క మసి పూసినట్టు నల్లగానే ఉండిపోయింది. మధ్యలో అంచు చాకుతో గీసినట్టుంది.

ఈ గంట వెసులుబాటు గురించి క్యాంపులో కొందరు విసుక్కున్నారు, లోపలి బసలు అమ్ముకోవడానికే పెట్టారని. నాకలా అనిపించలేదు. నమీబ్-నౌక్లఫ్ట్ పార్కు దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్లు. ఇందులోని ఇసుక సముద్రానికి 2013లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. సోసస్‌ఫ్లే వైపు మాత్రం వచ్చినవాళ్లందరినీ ఒక్క దారి మీదే పంపిస్తారు. మనిషికింత, బండికింత అని పర్మిట్. రాత్రయితే ఆ దారి ఓరిక్స్ జింకలకీ నక్కలకీ వదిలేయాలి. ఒక దారి, ఒక గేటు, ఒక వేళ పెట్టుకుంటే అంత పెద్ద ఎడారినీ కొద్దిమంది కాపాడగలరు.

తారు రోడ్డు చివర మామూలు కార్లు ఆపేయాలి. ఆ తర్వాత ఐదు కిలోమీటర్లు మెత్తటి ఇసుక, ఫోర్ వీల్ బండి ఉండాల్సిందే. మా కళ్లముందే ఒకాయన టైర్లలో గాలి తగ్గించకుండా వచ్చి దిగబడిపోయాడు. వెనకొచ్చిన బండ్లు ఆగకుండా పక్కనుంచి కొత్త దారి చేసుకుని వెళ్లాయి. పావుగంటలో ఒక దారి మూడు దారులైంది. ఇసుకలోనైతే గాలి ఎప్పుడో ఒకప్పుడు చెరిపేస్తుంది. గులకరాళ్ల మైదానాల్లో మాత్రం చక్రాల జాడ దశాబ్దాలపాటు అలాగే ఉంటుంది. మీకు ఇసుకలో నడిపే అలవాటు లేకపోతే అక్కడ జనాన్ని తీసుకెళ్లి తెచ్చే షటిల్ బండి ఎక్కండి, అన్నయ్య కూడా మారుమాట లేకుండా అదే ఎక్కాడు.

సోసస్‌ఫ్లే దగ్గరే చచ్చిన చెట్లున్న ఇంకో ఎండిన మడుగు డెడ్‌ఫ్లే. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకప్పుడు త్సౌచాబ్ నది నీళ్లు ఇక్కడిదాకా వచ్చేవట. తిన్నెలు అడ్డుపడ్డాక నీళ్లు ఆగిపోయాయి, చెట్లు చచ్చిపోయాయి. గాలిలో తేమ లేక కుళ్లలేదు. ఆరేడు వందల ఏళ్లుగా బొగ్గులా నిలబడే ఉన్నాయి. తెల్లటి మట్టి నేల పలకలు పలకలుగా పగిలి ఉంది. నేను వంగి ఒక కొమ్మని దగ్గర్నుంచి చూశాను. ఒక చోట పైపొర ఊడిపోయి లోపలి చెక్క లేత గోధుమరంగులో మెరుస్తోంది, అరచేయంత మేర నున్నగా అరిగిపోయి ఉంది. ఫోటో కోసం ఆనుకున్నవాళ్ల చేతులు అరగదీసిన చోటు అది. అంతలోనే ఒక కుర్రాడు ఇంకో చెట్టెక్కబోయాడు. "బాబూ, దిగు" అని వదిన తెలుగులోనే గట్టిగా అరిచింది. భాష తెలియకపోయినా దిగాడు. గేటు దగ్గర ఎంత పద్ధతిగా ఉంటే ఏం, ఇక్కడ కాపలా ఒక్కరైనా ఉండాలి. ఈ యాత్రలో నాకు నిజంగా లోటు అనిపించింది అదొక్కటే.

చివరి రెండు రాత్రులు దక్షిణాన నమీబ్‌రాండ్‌లో గడిపాం. 1984లో ఆల్బీ బ్రూక్నర్ అనే ఆయన గొర్రెల పొలాలు కొనడంతో మొదలైన ప్రైవేటు అభయారణ్యం అది. కంచెలు పీకేశారు, జింకలు వానని వెతుక్కుంటూ తిరుగుతున్నాయి. రెండు వేల చదరపు కిలోమీటర్లకి పైగా ఉన్న చోట వెయ్యి హెక్టార్లకి ఒక్క పడక చొప్పునే బస ఇస్తారు. వచ్చినవాళ్లు కట్టే రోజువారీ రుసుముతోనే సంరక్షణ నడుస్తుంది. సొంత బండితో తిరగనివ్వరు. ఖర్చు ఎక్కువే, దాచడానికేం లేదు. మేం మూడు రోజుల నడక తీసుకున్నాం. రాత్రి పైకప్పు లేకుండా మడత మంచాల మీదే పడుకోవాలి. 2012 నుంచి ఇది చీకటి ఆకాశపు అభయారణ్యం కూడా కాబట్టి దీపాలు చాలా తక్కువ. వదిన టార్చి వెలిగించబోతే అన్నయ్య ఆపాడు. "ఒక్క నిమిషం ఆగు, కళ్లు అలవాటు పడనీ." నిమిషం గడిచాక టార్చి ఎవరికీ అక్కర్లేకపోయింది, పాలపుంత వెలుగులో మంచం కోళ్లు కూడా కనిపించాయి.

వెళ్లేవాళ్లు ముందు సెస్రియెమ్ లోపల రెండు రాత్రులు తీసుకోండి. డబ్బు మిగిలితే నమీబ్‌రాండ్. గేటు బయటి లాడ్జ్ బుక్ చేసేముందు మాత్రం సూర్యోదయానికి తిన్నె మీద ఉండగలమా అని సూటిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి.