బోర్డు లేని షెడ్డులో అంబాసిడర్ పునరుద్ధరణ: నల్లగొండ నుంచి ఒక సమీక్ష

పాత కారును బాగు చేయించుకోవాలనుకునే నల్లగొండ వాసికి అందరూ రెండే దారులు చెబుతారు. బండిని హైదరాబాదుకు తరలించి పెద్ద వర్క్‌షాపుకు అప్పగించడం ఒకటి, ఊళ్లోనే తెలిసిన మెకానిక్ చేత ఏదో ‘నడిచేటట్టు’ చేయించుకోవడం మరొకటి. దేవరకొండ రోడ్డులో, పట్టణం దాటీ దాటకముందే కనిపించే ఒక రేకుల షెడ్డు మూడో దారి చూపిస్తుంది. దానికి బోర్డు లేదు. నడిపే ఆయనను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఈ సమీక్షలో తన పేరు, ఫోన్ నంబరు రాయవద్దని, ఉన్న పనే తెమలడం లేదని ఆయనే కోరారు కాబట్టి రాయడం లేదు. నా 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్ పని దాదాపు మొత్తం అక్కడే జరిగింది. రేకు పనికీ ఇంజిన్ పనికీ ఈ షెడ్డును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, వైరింగుకూ కుషన్ పనికీ చేయను. ఫలానా తేదీకి బండి చేతికి రావాలనుకునే వారు మాత్రం అటు వైపు వెళ్లకపోవడమే మేలు.

అంబాసిడర్‌ను ఎంచుకోవడంలో ఒక వెసులుబాటు ఉంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసిన ఈ కారు ఉత్పత్తి 2014 మే నెల దాకా సాగింది, అన్నేళ్లలో పైరూపం పెద్దగా మారలేదు. అందువల్ల తలుపులు, బానెట్లు, అద్దాల రబ్బర్లు, బ్రేకు సామాను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఓపికగా తిరిగితే ఇప్పటికీ దొరుకుతాయి. అదే కాలపు ప్రీమియర్ పద్మిని యజమానులకు ఆ సౌలభ్యం తక్కువ.

ఈ షెడ్డు విలువ తెలిసేది రేకు పనిలోనే. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. కాబట్టి తలుపుల కింది పట్టీలో గానీ, ముందు సీటు కింది ఫ్లోరులో గానీ తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, బండి బలానికి సంబంధించిన లోపం. మన వైపు చాలా చోట్ల ఆ చిల్లుల మీద గుడ్డ అంటించి, లప్పం పూసి, రంగు కొట్టి ఇస్తారు, రెండు వానాకాలాల తర్వాత పొక్కులు లేస్తాయి. ఉస్తాద్ మొదటి రోజే పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతంతో బండి చుట్టూ తిరిగి, అది అంటుకోని చోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. పాత యజమాని మెరుపు రంగు కింద ఎంత లప్పం దాచాడో ఆ గీతలు చూస్తేనే అర్థమైంది. పాత బండి కొనబోయే వారెవరైనా అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లడం మంచిది, ఖర్చు లేని పరీక్ష. “లప్పం రేకును దాస్తది గని రేకు అయితదా సారూ?” అన్నది ఆయన వాదన.

చెడిన రేకును మంచి రేకు తగిలేదాకా కోసి తీసేసి, 18 గేజ్ రేకును అదే వంపుకు సుత్తితో మలిచి, సీఓటూ వెల్డింగుతో (తీగను కరెంటుతో కరిగించి అతికే పద్ధతి) చిన్న చిన్న కుట్లుగా అతికించారు. గ్యాస్ వెల్డింగు అయితే వేడి చాలా దూరం పాకి రేకు అలలు తేలుతుందని, ఆ అలలను దాచడానికి మళ్లీ లప్పమే దిక్కవుతుందని ఆయన చెప్పిన కారణం సరైనదే. అతుకు చల్లారాక గ్రైండింగ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, బయటికి కనిపించని పట్టీల లోపలికి కూడా పైపుతో తుప్పు నిరోధక నూనె ఎక్కించారు. తలుపుల అడుగున నీరు కారిపోవడానికి కంపెనీ ఇచ్చిన రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోయి ఉంటే ఒక్కొక్కటి తీగతో తెరిచారు. తుప్పు లోపలి నుంచి మొదలవడానికి సగం కారణం ఆ రంధ్రాలే. అండర్‌బాడీ కోటింగ్ అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. తుప్పు పూర్తిగా తీయకుండా పైన నల్లటి పూత పూస్తే తేమ లోపలే చిక్కుకుని రేకును ఇంకా తొందరగా తినేస్తుందని, అడుగంతా శుభ్రమయ్యాకే పూశారు. అమ్ముకోగలిగిన పనిని తనంతట తాను వాయిదా వేసిన మెకానిక్‌ను నేను ఎక్కువగా చూడలేదు.

ఇంజిన్ 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ పెట్రోలు ఇంజిన్. పైభాగమైన హెడ్డూ, కింది బ్లాకూ రెండూ పోతపోసిన ఇనుమే, మొండి యంత్రం. ట్రాక్టర్ ఇంజిన్ల మీద చేయి తిరిగిన ఉస్తాద్‌కు అందులో కొత్త ఏమీ లేదు. బోరింగ్ (సిలిండర్ల లోపలి గోడలు చెక్కడం), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును సాన పట్టడం) పనులు మిర్యాలగూడ పంపించారు. అది రైస్ మిల్లుల పట్టణం కాబట్టి లేత్ పని తెలిసిన వారికి అక్కడ కొదవ లేదు. హెడ్ పనిలో మాత్రం ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత ఇనుప హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటు అరిగిపోకుండా అంతకుముందు ఆ సీసమే పొరలా కాపాడేది. అది లేకపోవడంతో హైవే మీద ఎక్కువసేపు వేగంగా నడిపే బండ్లలో ఆ చోటు క్రమంగా లోపలికి దిగిపోతుంది. అందుకని ఆ చోట గట్టి లోహంతో చేసిన వాల్వు సీట్లు కొట్టించారు. పైకి కనిపించని పని, అడగకుండానే జరిగింది.

ఇంజిన్ దించే ముందు ఆయన చెప్పిన ఇంకో మాట కూడా నచ్చింది. ఈ ఇంజిన్ క్రాంకుకు వెనుక వైపు ఇప్పటి బండ్లలాగా రబ్బరు ఆయిల్ సీల్ ఉండదు. తిరిగే మర గాడి ఆయిల్‌ను వెనక్కి నెట్టే ఏర్పాటు మాత్రమే ఉంటుంది. ఎంత బాగా కట్టినా నిలబెట్టిన చోట నాలుగు చుక్కలు పడతాయని, ఆ చుక్కలు చూసి తనను తిట్టవద్దని ముందే ఒప్పించారు. చుక్కలు పడుతున్నాయి, తిట్టడం లేదు.

రేడియేటర్ విషయంలో ఆయన పట్టుదల నల్లగొండ వాసులకు వెంటనే అర్థమవుతుంది. మన బోరు నీళ్ల పేరు చెబితే లోకమంతా ఫ్లోరైడ్ గురించి మాట్లాడుతుంది గానీ, రేడియేటర్‌కు అసలు శత్రువు ఆ నీటి కఠినత్వం. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్లు నా రేడియేటర్ గొట్టాల్లో సగానికి పైగా రాయిలా గడ్డకట్టాయి. గొట్టాలను రాడింగ్ చేయించి (కమ్మీ దూర్చి శుభ్రం చేయించి), డిస్టిల్డ్ వాటరులో కూలెంట్ కలిపి పోశారు. ఎండలు ఎక్కువని ఇక్కడి మెకానిక్‌లు చాలామంది తీసి పారేసే థర్మోస్టాట్‌ను, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని కవాటాన్ని, తిరిగి బిగించారు. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పట్టి పెట్రోలు, రింగులు రెండూ వృథాగా పోతాయి. మే నెల మధ్యాహ్నం నార్కట్‌పల్లి దాకా వెళ్లి వచ్చినా ఉష్ణోగ్రత ముల్లు మధ్యను దాటలేదు.

ఇక మెరుగుదలల సంగతి. పాత కారు అభిరుచి ఉన్నవారిలో అసలు రూపం ఒక్క మర కూడా మారకూడదనే వారు ఉన్నారు, పైకి పాత కారుగా ఉండి లోపల కొత్త కారులా నడవాలనే వారూ ఉన్నారు. ఉస్తాద్ ఈ రెండు పక్షాల్లో దేనికీ చెందరు. ఆయనకు ఒకటే కొలత ఉంది: ఈరోజు పెట్టింది రేపు విప్పితే బండి మునుపటిలా ఉండాలి. ఆ కొలత ప్రకారం డిస్ట్రిబ్యూటర్‌లో నిప్పురవ్వను నడిపే పాత పాయింట్లు, కండెన్సర్ తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం సమ్మతమే, ఎందుకంటే పాతవి డబ్బాలో పెట్టి ఇస్తే ఎప్పుడైనా తిరిగి పెట్టుకోవచ్చు. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ కూడా సమ్మతమే. నెమ్మదిగా తిరిగే ఇంజిన్ మీద డైనమో చార్జింగ్ చాలదు, రాత్రి పట్టణంలో హెడ్‌లైట్లు వేస్తే బ్యాటరీయే ఖర్చవుతుంది. ఆల్టర్నేటర్‌ను ఉన్న మరల మీదే కొత్త బ్రాకెట్‌తో బిగించారు, ఒక్క చిల్లు కూడా కొత్తగా పడలేదు. హెడ్‌లైట్లకు రిలేలు పెట్టడంతో కరెంటంతా పాత స్విచ్చు గుండా పోవడం తప్పింది, వెలుతురు కూడా పెరిగింది.

ఒప్పుకోనివి కూడా ఉన్నాయి. 1992 తర్వాతి అంబాసిడర్లకు వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజిన్, ఐదు గేర్ల పెట్టెతో సహా నా బండిలో పెట్టగలరా అని అడిగాను. బలం పెరుగుతుంది, హైవే మీద శబ్దం తగ్గుతుంది, ఇంజిన్లు కూడా దొరుకుతున్నాయి. కానీ నా బండి గేరు స్టీరింగ్ పక్కన ఉంది, ఆ గేరు పెట్టెకు ఫ్లోరు కోసి కొత్త దారి చేయాలి. “కోసినంక మల్ల అతికిస్తే అది అతుకే గద సారూ” అని ఆ చర్చ అక్కడితో ముగించారు. మ్యూజిక్ సిస్టమ్ కోసం డ్యాష్‌బోర్డు కోయడానికీ ఇదే జవాబు. ముందు సీటు బెల్టుల విషయంలో మాత్రం తన నియమాన్ని తానే సడలించుకుని, పక్క స్తంభాల లోపల మందపాటి ప్లేటు వేసి బిగించారు. ఆ సడలింపు నాకు సబబుగానే తోచింది.

ఇసుజు ఇంజిన్‌కు ఒప్పుకోకపోవడం వల్ల చట్టపరంగా కూడా నాకు మేలే జరిగింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదు, ఇంజిన్ మార్పుకు ఆర్టీఏ ఆమోదం కావాలి. పైగా 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, బాడీ, ఛాసిస్, ఇంజిన్ పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్న వాటికే వర్తిస్తాయి. 20,000 రూపాయల రుసుముతో పదేళ్లకు రిజిస్ట్రేషన్, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ప్లేటు ఇస్తారు. నా బండికి 2028లో ఆ అర్హత వస్తుంది. అయితే వింటేజ్‌గా నమోదైన బండిని మామూలు రాకపోకలకు వాడరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు మాత్రమే బయటికి తీయాలి. ఆదివారం మిర్యాలగూడలో బంధువుల ఇంటికి వెళ్లడానికి పనికిరాని గౌరవం నాకెందుకు అనిపిస్తుంది, కాబట్టి ఐదేళ్లకోసారి మామూలు రెన్యూవల్‌తోనే కొనసాగుతాను.

పెట్రోలు గురించి ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది. ఇంజిన్ పక్కన ఉండే పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ను, హోసులన్నింటినీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్పించుకోవడం, బండిని నెలల తరబడి నిండు ట్యాంకుతో కదలకుండా నిలపకపోవడం అవసరం. ఈ షెడ్డులో హోసులు మార్చారు గానీ ట్యాంకు లోపల శుభ్రం చేయడం నేను గుర్తు చేస్తేనే జరిగింది.

లోపాలు చిన్నవి కావు. వైరింగ్ పనిని ఉస్తాద్ తాను చేయరు, బయటి కుర్రవాడికి అప్పగిస్తారు. ఆ అబ్బాయి దొరికిన రంగు తీగతో, నల్ల టేపు చుట్టలతో పని ముగించాడు. ఏ తీగ ఎక్కడికి పోతుందో రేపు మరో మెకానిక్ కనిపెట్టడం కష్టం, అసలు రంగుల క్రమం మొత్తం పోయింది. ఫ్యూజుల పెట్టె తర్వాత వేరే చోట మళ్లీ చేయించాల్సి వచ్చింది. సీట్ల రెగ్జిన్ పనితనం నాసిరకం, కుట్లు వంకర. రాతపూర్వకమైన బిల్లు ఉండదు. పాత డైరీలో పెన్సిలుతో రాసిన లెక్క చదివి వినిపిస్తారు. లెక్కలో మోసం నాకు కనిపించలేదు, రాణిగంజ్‌లో నేను స్వయంగా కనుక్కున్న ధరలకు ఆయన చెప్పిన ధరలు దగ్గరగానే ఉన్నాయి. అయినా లక్షల్లో ఖర్చయ్యే పనికి కాగితం లేకపోవడం సమర్థనీయం కాదు. మొదటి రోజే ఒక నోటుపుస్తకం కొనిచ్చి, ప్రతి సామాను దానిలో రాయించి సంతకం తీసుకుంటే ఇద్దరికీ మంచిది.

నడకలో మాత్రం వంక పెట్టలేను. హాలియా మీదుగా నాగార్జునసాగర్ వెళ్లినప్పుడు హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీకి దిగే వాలులో నాలుగు డ్రమ్ము బ్రేకులూ బండిని పక్కకు లాగకుండా సమంగా పట్టాయి. వెనుక కమాన్ పట్టీలకు కొత్త బుష్‌లు పడటంతో కిర్రుమనే చప్పుడు లేదు. స్టీరింగ్‌లో కొంత ప్లే (వదులు) మిగిలింది, ఈ కారుకు అది కొంత సహజమే.

ఆలస్యానికి కారణం సోమరితనం కాదు, వరి. కోతల కాలం వచ్చిందంటే ట్రాక్టర్లు, హార్వెస్టర్లు షెడ్డు ముందు వరుస కడతాయి, పాత కారు గోడ వారకు జరుగుతుంది. రైతు బండి ఆగితే పొలం ఆగుతుందని, అంబాసిడర్ ఆగితే ఎవరికీ నష్టం లేదని ఉస్తాద్ లెక్క, దానితో వాదించడం కష్టం. వానాకోతలు ముగిసి సంక్రాంతి దాటాక బండి అప్పగిస్తే యాసంగి కోతల లోపు రేకు పనైనా పూర్తవుతుంది. రంగు పనిని వానాకాలానికి జరగనివ్వకండి, గాలిలో తేమ ఉన్న రోజుల్లో కొట్టిన రంగు మసకబారుతుంది, ఆ షెడ్డుకు పెయింట్ బూత్ లేదు.