జీతాల తేడాల మీద ఆన్‌లైన్ కోర్సు: కనీస వేతనం పాఠం కోసమైతే తీసుకోండి

ప్రభుత్వాలు తీసుకునే నిర్ణయాల వల్ల జీతాల మధ్య తేడాలు ఎలా పెరుగుతాయి, దాంతో ఆర్థిక వృద్ధికి ఏమవుతుంది అన్నదాని మీద వీడియో కోర్సు ఇది. డబ్బు కట్టి మొత్తం చూశాను. ఐదుకి మూడు ఇస్తాను, అవి కూడా చాలావరకు ఒక్క పాఠానికే.

ఆ పాఠం కనీస వేతనం మీద. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ గంటకి 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05కి పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు వైపులా ఉన్న ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో ఎంతమంది పనిచేస్తున్నారో పెంపుకి ముందోసారి, తర్వాతోసారి కనుక్కున్నారు. ఉద్యోగాలు ఊడతాయని అందరూ అనుకుంటే, ఊడిన జాడే కనిపించలేదు. అప్పట్లో అక్కడ వ్యాపారాలే మందకొడిగా ఉన్నాయి కాబట్టి పోల్చి చూడ్డానికి పెన్సిల్వేనియా పక్కన లేకపోతే ఏది దేనివల్ల జరిగిందో తేలదని టీచర్ అంకెలు వేసి మరీ చూపిస్తాడు, ఇంత ఓపిగ్గా చెప్పినవాళ్లని నేనైతే చూడలేదు.

కానీ న్యూమార్క్, వాషర్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు హోటళ్ల జీతాల రికార్డులు తెప్పించి ఈ ఫలితాన్ని తప్పుపట్టారు, దానికి కార్డ్, క్రూగర్ 2000లో జవాబిచ్చారు. ఆ గొడవ ఊసే లేదు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చిందని మాత్రం రెండుసార్లు చెప్పాడు!

పన్నుల పాఠం ఓ మోస్తరు. అమెరికాలో ఆదాయపన్ను పై స్లాబు రేటు 1980లో 70 శాతం, 1988కి 28. అంతవరకు సరే, కానీ అదే సమయంలో యూనియన్లు బలహీనపడ్డాయి, కంప్యూటర్లొచ్చి చదువుకున్నవాళ్లకి గిరాకీ పెరిగింది, ఇవేవీ పట్టించుకోకుండా తేడాలు పెరిగిన నెపమంతా పన్ను తగ్గింపు మీదకి నెట్టేశాడు.

ఇక వృద్ధి పాఠం దండగ. ఆర్థికవేత్త కుజ్నెట్స్ 1955లో చేసిన ఊహని, అంటే వృద్ధి మొదట్లో అంతరం పెంచి తర్వాత దానంతటదే తగ్గిస్తుందన్నదాన్ని, సూత్రంలా అప్పజెప్పాడు. అందులో 5 శాతమే ఆధారం, 95 శాతం ఊహేనని కుజ్నెట్సే రాసుకున్నాడు కదా బాబూ.

వడ్డీ రేట్ల మీద అసలు పాఠమే లేదు, నాకు అన్నిటికంటే పెద్ద లోటు అదే. ధరలు అదుపు చెయ్యడానికి వడ్డీలు పెంచితే ముందు పని పోయేది తక్కువ జీతగాళ్లకే. అమెరికాలో అలా పెంచాక 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. పాఠాలు విడిగా కొనే వీలుంది కాబట్టి కనీస వేతనం ఒక్కటీ కొనుక్కోండి, సర్టిఫికెట్ కావాలంటే తప్ప మిగతావాటికి డబ్బు పెట్టొద్దు.