పక్షవాతానికి ఏడాదిన్నర ఆక్యుపంక్చర్: నా కుడిచేతి అనుభవం

2023 ఫిబ్రవరిలో ఓ పొద్దున కాఫీ తాగుతుండగా మూతి వంకర పోయి, కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు చేయాలట. ఎవరో చెప్పిన పసరు మందు కోసం తిరిగి, మేం ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మూతి వంకర పోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆక్యుపంక్చర్ సూదుల సంగతి తర్వాత.

మూడో నెలలో ఆక్యుపంక్చర్ మొదలుపెట్టాను. అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నాను గానీ, కుడిచేయి గుప్పిట బిగుసుకుపోయింది. గోళ్లు అరచేతిలో దిగి పుండు పడేది. మా ఆయన రోజూ వేళ్లు ఒక్కొక్కటే విప్పి, మెత్తటి గుడ్డ చుట్టి లోపల పెట్టేవారు. భుజం నొప్పికి రాత్రుళ్లు నిద్రే లేదు.

మొదట వెళ్లిన చోట బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఆపేయమన్నారు. నమ్మి ఓ వారం ఆపాను. బీపీ 180 దాటింది. న్యూరాలజిస్ట్ గట్టిగా కోప్పడ్డారు, అక్కడికి మళ్లీ వెళ్లలేదు. రెండో చోట ముందు నా మాత్రల చీటీ అడిగారు, కొత్త సూదుల ప్యాకెట్ నా ఎదుటే చింపారు. మాత్రల వల్ల ఒక్కోసారి సూది గుచ్చిన చోట కమిలేది, అంతే.

సిట్టింగ్‌కి 400 రూపాయలు. మొదట వారానికి మూడు, ఆరు నెలల తర్వాత ఒకటి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో, మోచేతి మడత దగ్గర, మోకాలి కింద, నడినెత్తిన పెట్టేవారు. చీమ కుట్టినట్టు ఉండి, తర్వాత లోపల బరువుగా లాగుతుంది. సూదులకు క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు పెడితే బొటనవేలు టకటకా ఎగిరేది. కదలని వేలు కదిలేసరికి ఏడ్చేశాను. అది కరెంటుకి కదిలిందని, నేను కదిపినట్టు కాదని ఫిజియోథెరపీ వ్యాయామాలు చేయించే అమ్మాయి మెల్లగా చెప్పింది.

పది పన్నెండు సిట్టింగులకి భుజం నొప్పి సగం తగ్గి నిద్ర పట్టింది. సూదులు తీశాక రెండు మూడు గంటలు గుప్పిట వదులుగా ఉండేది, మర్నాటికి మళ్లీ మామూలే. అందుకే ఫిజియోని సాయంత్రం నుంచి సూదుల తర్వాతి గంటకు మార్పించుకున్నాను. తడిగుడ్డ పిండటం, బట్టల క్లిప్పులు నొక్కటం, శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి తీయటం. బిగిసిన చేత్తో పది శనగలకే చెమటలు పట్టేవి, వదులైనప్పుడు యాభై తీసేదాన్ని. నా చేయి తిరిగొచ్చింది ఆ శనగలతోనే అని నా నమ్మకం. ఫిజియో మానేసి సూదులొక్కటే పెట్టించుకుంటే డబ్బు దండగ.

పక్షవాతం తర్వాత ఆక్యుపంక్చర్ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన 2016 నాటి కాక్రేన్ సంస్థ సమీక్షను మా అబ్బాయి చదివి చెప్పాడు. 31 ట్రయల్స్, 2257 మంది పేషెంట్లు. కొంత మేలు ఉండొచ్చు గానీ చాలా ట్రయల్స్ చిన్నవి, నాణ్యత చాలదు, అందరికీ వాడమని చెప్పలేం అని తేల్చారట. నా అనుభవానికీ దానికీ పెద్ద తేడా కనిపించలేదు.

ఇప్పుడు పప్పన్నం కుడిచేత్తోనే కలుపుకుని తింటున్నాను. పులుసన్నం ఇంకా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. జాకెట్టు హుక్కులు మా కోడలే పెడుతుంది. భుజం కోసం పదిహేను రోజులకోసారి వెళ్తున్నాను, శనగల గిన్నె మాత్రం రోజూ తీస్తున్నాను.