గోపాలపూర్ పాత రేవు, రంభ, 1942 నాటి సముద్రం

బరంపురం నుంచి గోపాలపూర్ 16 కిలోమీటర్లు. స్టేషన్ బయట ఆటో బేరం తెలుగులోనే ఆడుకోవచ్చు. బస్సు చవకే గానీ, తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే కనుక్కోండి.

బస దగ్గర జాగ్రత్త. సముద్రం కనిపించే గదని ఫోన్లో డబ్బు కట్టించుకున్న ఒక లాడ్జివాళ్లు, తీరా వెళ్తే సందువైపు గది ఇచ్చారు. రాత్రంతా జనరేటర్ మోత. గది కళ్లారా చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

నేను వెళ్లింది పాత రేవు కోసం. ఒకప్పుడు గంజాం జిల్లా కూలీలు రంగూన్ ఓడ ఎక్కింది ఇక్కడే. ఇప్పుడు మిగిలినవి ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు. వాటి నీడన ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించి లాగిపట్టి, తెగిన కన్ను దగ్గర నైలాన్ దారం రెండు చుట్లు తిప్పి ముడి బిగిస్తున్నాడు. ఇక్కడి బెస్తల్లో చాలామందిది తెలుగే. నేను నీళ్లవైపు నడుస్తుంటే, “బాబూ, అటేపు దిగీకండి, లోపలికి లాగెత్తాది” అన్నాడు. ఆ మాట వినండి, ఇక్కడ అలల కింద లాగుడు ఎక్కువ.

ఈ సముద్రానికి ఇంకో కథ కూడా ఉంది, రెండో ప్రపంచయుద్ధం నాటిది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. అండమాన్‌ను కాపాడలేమని తేల్చుకున్న బ్రిటిష్ అధికారులు అక్కడి గూర్ఖా దళాన్ని ఓడెక్కించి తెచ్చేశారు. 23న జపాన్ సైన్యం దిగితే పోర్ట్‌బ్లెయిర్‌లో ఎదురు నిలిచినవాళ్లు లేరు. సైనికంగా ఆ నిర్ణయాన్ని తప్పనలేను, ఉన్న కొద్దిమందీ ఊరికే చచ్చిపోయేవారు. కానీ జనం అక్కడే ఉండిపోయారు. 1944 జనవరి 30న అండమాన్‌లోనే హోంఫ్రేగంజ్‌లో జపాన్ సైనికులు 44 మందిని కాల్చేశారు. ఆ లెక్క ఏ సేనాని ఖాతాలో రాయాలి?

సిలోన్ (ఇప్పటి శ్రీలంక) సంగతి వేరు. దాన్ని వదులుకోకూడదనుకున్నారు. అక్కడి సేనలన్నిటికీ అధిపతి లేటన్ దాడికి ముందే కొలంబో రేవులోని ఓడల్ని చాలావరకు బయటికి పంపేశాడు. గుర్రప్పందాల మైదానాన్ని విమానాల రన్‌వేగా మార్చారు. బ్రిటిష్ నౌకాదళాధిపతి సోమర్‌విల్ ద్వీపానికి దక్షిణాన కాపు కాసి, శత్రువు జాడ లేకపోయేసరికి ఏప్రిల్ 2 రాత్రి ఇంధనం, నీళ్ల కోసం మాల్దీవుల్లోని అడ్డూ దీవులకు మళ్లాడు. 4న కెనడా పైలట్ బర్చాల్ శత్రు నౌకల్ని చూసి కబురు పంపుతుండగానే ఆయన విమానాన్ని కూల్చేశారు. 5న కొలంబో మీద దాడి జరిగింది.

పగటివేళ జపాన్ విమానవాహక నౌకలకు చిక్కకుండా సోమర్‌విల్ ప్రధాన దళాన్ని దక్కించుకున్నాడు. అది ధైర్యమే అంటాను. తిట్టేవాళ్లు ఎంతమంది ఉన్నా నేను ఆయన పక్షమే. కానీ డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్ యుద్ధనౌకలను కొలంబోకి, విమానవాహక నౌక హెర్మిస్‌ను సిలోన్‌లోని ట్రింకోమలీకి విడదీసి పంపడం మాత్రం నాకు మింగుడుపడదు. మొదటి రెండూ 5న మునిగి 424 మంది పోయారు. హెర్మిస్ 9న మునిగింది.

అటు పెద్ద దళం దూరంగా ఉండగా ఇటు బంగాళాఖాతంలో వ్యాపార నౌకలు కాపలా లేకుండా విడివిడిగా పోతున్నాయి. జపాన్ నౌకాసేనాని ఒజావా దళం వాటి మీద పడింది. ఒడిశా, ఆంధ్ర తీరాల ముందు దాదాపు 20 ఓడలు మునిగాయి. 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. పాత రేవు దగ్గర నిలబడితే ఆ సముద్రమంతా ఎదురుగానే ఉంటుంది. దీని గురించి చెప్పే బోర్డు మాత్రం నాకెక్కడా కనబడలేదు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషుల్లో ఒకటి పెట్టాలి.

రెండో రాత్రికి రంభ వెళ్లండి. చిలకా ఒడ్డున ఒడిశా టూరిజం వారి అతిథిగృహం పంథనివాస్ ఉంది. హంగుల్లేకపోయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, రొయ్యల కూర వేడివేడిగా పెట్టారు. పొద్దున్నే పడవ మాట్లాడుకుంటే దీవులు ప్రశాంతంగా చూడొచ్చు, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. ఎక్కే ముందు లైఫ్‌జాకెట్ అడిగి తీసుకోండి, పట్టీలు లాగి చూసుకోండి. మాకు మొదట ఇచ్చినదాని బకిల్ విరిగిపోయి ఉంటే వెంటనే వేరేది తెచ్చిచ్చారు. పిల్లలున్నవాళ్లు గోపాలపూర్ కంటే ఇక్కడే ఎక్కువసేపు గడపడం మంచిది.