దిండిలో కాయకింగ్: లైఫ్ జాకెట్‌కి ఫుల్ మార్కులు, బోల్తా సంగతికి సున్నా

గోదావరి వశిష్ఠ పాయలో కాయక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) అద్దెకిచ్చే చోటికి మా తమ్ముడి పిల్లల్ని తీసుకెళ్లాను. మాలో ఎవరికీ తెడ్డు పట్టడం రాదు.

జాకెట్‌లు తొడిగి, పట్టీలు బిగించాక కాయక్‌లు అద్దెకిచ్చే కుర్రాడు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగి చూశాడు. మా మేనల్లుడిది చెవుల దాకా లేచొచ్చింది. ‘నీళ్లలో ఇది తలమీంచి ఊడిపోద్దండీ’ అని వెంటనే చిన్న సైజు తెచ్చాడు. అక్కడే సగం భయం పోయింది నాకు.

సముద్రం దగ్గరే కదా, రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో లాగుడు ఇంకా ఎక్కువ. ‘ముందు ఆ లాగుడికి ఎదురెళ్లండి, అలిసిపోయాక అదే వెనక్కి తెస్తుంది’ అన్నాడు. బంగారంలాంటి మాట.

కానీ బోల్తా పడితే ఏం చెయ్యాలని అడిగితే ‘పడరండీ’ అని నవ్వేశాడు. ఇది నాకస్సలు నచ్చలేదు. పట్టుబట్టి నడుంలోతు నీళ్లలో చేయించి చూపించుకున్నాను: కాయక్ వదిలేసి ఒడ్డుకి ఈదకూడదు, దాన్నే పట్టుకుని, తిరగేసి, కాళ్లు ఆడిస్తూ బోర్లా పైకెక్కాలి. మా మేనకోడలికి నాకన్నా తొందరగా వచ్చేసింది. జాకెట్‌లకి ఈలలు కూడా లేవు.

మధ్యాహ్నం గాలి లేస్తుంది, పొద్దున్నే వెళ్లండి. ఈత రానివాళ్లు ఇద్దరు కూర్చునే కాయక్ అడగండి. అయిదుకి మూడు స్టార్లు.